ఒక్క హైడ్రోజన్ అటు తిరిగితే

సికింద్రాబాద్ బోయిన్‌పల్లి అంబేడ్కర్ కూరగాయల మార్కెట్లో దిగే సరుకు ఏదైనా తీసుకోండి: వంకాయ, బీన్స్, క్యాబేజీ, క్యారట్. వాటి కణాల చుట్టూ ఉండే పలుచని పొరల్లో స్టెరాల్ జాతి అణువులుంటాయి. మొక్కల్లో ఎక్కువగా కనబడేది బీటా సిటోస్టెరాల్. మన ఒంట్లో ఉండేది కొలెస్టరాల్. రెంటికీ తేడా ఏమిటంటే, సిటోస్టెరాల్ తోక దగ్గర రెండు కార్బన్ల చిన్న కొమ్మ ఒకటి అదనంగా ఉంటుంది, అంతే. గుండెజబ్బుల భయం కొలెస్టరాల్ అనే మాటను ఎంతగా కమ్మేసిందంటే, ఆ అణువు ఆకారం ఎంత గొప్పదో చూసే తీరిక మనకు లేకుండా పోయింది. ఈ అధ్యాయం ఆ ఆకారం గురించే.

ముందుగా క్యారట్ దగ్గరికి వెళ్దాం. ప్రేగ్ నగరంలో ఫ్రీడ్రిష్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1880లలో క్యారట్ దుంపలో దొరికే హైడ్రోకరోటిన్ అనే తెల్లటి పదార్థాన్ని పరిశీలిస్తున్నాడు. అది జంతువుల్లో ఉండే కొలెస్టరాల్‌కు దగ్గరి చుట్టమని ఆయనకు తోచింది. దాన్ని తేల్చుకోవాలంటే ముందు కొలెస్టరాల్‌లో ఏ మూలకం పరమాణువులు ఎన్ని ఉన్నాయో తెలియాలి. అప్పటికి ఆ లెక్క మీద రసాయనవేత్తలకే ఏకాభిప్రాయం లేదు. 27 కార్బన్లు, 46 హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ అని 1888లో సరిగ్గా తేల్చినవాడు రైనిట్జరే. ఆ పనిలో భాగంగా కొలెస్టరాల్‌ను రకరకాల ఆమ్లాలతో కలిపి ఎస్టర్లు తయారుచేసి, అవి ఎంత వేడికి కరుగుతాయో చూస్తూ పోయాడు.

బెంజోయిక్ ఆమ్లంతో చేసిన ఎస్టర్ దగ్గర లెక్క తప్పింది. కొలెస్టరైల్ బెంజోయేట్ 145.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగింది. కరిగి తేటపడలేదు. పాలవిరుగుడులాంటి మసక ద్రవంగా మిగిలింది. ఇంకా వేడిచేస్తే 178.5 డిగ్రీల దగ్గర ఆ మసక ఒక్కసారిగా విడిపోయి తేటనీరైంది. చల్లారుస్తుంటే నీలం, ఊదా రంగులు మెరిసి మాయమయ్యాయి. శుద్ధమైన పదార్థానికి కరిగే వేడిమి ఒక్కటే ఉంటుందని రసాయనవేత్తలందరూ నమ్మే రోజులవి. సరుకులో మలినం ఉందేమోనని ఎన్నిసార్లు శుద్ధిచేసినా ఆ రెండు మెట్లూ పోలేదు. 1888 మార్చి 14న ఆయన జర్మనీలోని భౌతికశాస్త్రవేత్త ఒట్టో లేమాన్‌కు ఉత్తరం రాసి, నమూనాలు పంపాడు. లేమాన్ దగ్గర వస్తువును వేడిచేస్తూనే ధ్రువిత కాంతిలో చూడగలిగే సూక్ష్మదర్శిని ఉంది. అందులో ఆ మసక ద్రవం స్ఫటికంలాగే కాంతిని రెండుగా చీల్చింది. స్ఫటికం కదా అనుకుంటే పల్లానికి పారుతోంది! 1889లో లేమాన్ దానికి పారే స్ఫటికం అని పేరుపెట్టాడు. ఇప్పుడు ద్రవస్ఫటికం అంటున్నాం.

చాలామంది నమ్మలేదు. గుస్టాఫ్ టామన్ వంటి పెద్దలు కూడా అది రెండు పదార్థాల మిశ్రమమేనని ఏళ్ల తరబడి వాదించారు. హాలె నగరంలో డానియల్ ఫోర్లాండర్ వందలాది కొత్త పదార్థాలు తయారుచేసి, అణువు ఎంత నిటారుగా, ఎంత పొడవుగా ఉంటే ద్రవస్ఫటికం అంత బాగా ఏర్పడుతుందని చూపించాక వాదన సద్దుమణిగింది. ఆకారమే అసలు సంగతి అన్న మాట అక్కడ గట్టిపడింది.

మరి కొలెస్టరాల్ ఆకారం ఎలాంటిది? ఈ ప్రశ్నకు జవాబు రావడానికి రైనిట్జర్ తరవాత నలభై ఏళ్లు పైగా పట్టింది. ఈ జాతి అణువుల మీద చేసిన పనికి హైన్‌రిష్ వీలాండ్‌కూ, అడాల్ఫ్ విండౌస్‌కూ నోబెల్ బహుమతులు వచ్చాయి. 1927 సంవత్సరపు బహుమతి ఒకరికి, 1928ది ఇంకొకరికి. కానీ వాళ్లు అప్పట్లో గీసిన బొమ్మ తప్పు. దాన్ని పట్టుకున్నది ఇంగ్లండులో పనిచేస్తున్న జె.డి. బెర్నల్ అనే శాస్త్రవేత్త. 1932లో స్టెరాల్ స్ఫటికాల్లోకి ఎక్స్‌రేలు పంపి, అణువు కొలతలు తీశాడు. పొడవు దాదాపు రెండు నానోమీటర్లు, వెడల్పు అందులో మూడోవంతు పైచిలుకు, మందం అర నానోమీటరు. నోబెల్ బొమ్మలోని లావుపాటి అణువు ఆ ఇరుకులో పట్టదు. అదే ఏడాది లండన్‌లో రోసెన్‌హైమ్, కింగ్ కొత్త బొమ్మ ప్రతిపాదించారు, వీలాండ్ తన బొమ్మను సవరించుకున్నాడు. మూడు ఆరుభుజాల వలయాలు, ఒక ఐదుభుజాల వలయం ఒకదాని అంచు ఒకటి పంచుకుంటూ చదునుగా అతుక్కుని ఉంటాయన్నది అప్పటినుంచి అందరూ ఒప్పుకున్న నిర్మాణం. గొప్పవాళ్ల మాటను కూడా ఒక్క కొలత పక్కకు నెట్టగలదనడానికి సైన్సు చరిత్రలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇది.

ఇప్పుడు అణువును దగ్గరగా చూద్దాం. నాలుగు వలయాలూ కలిసిన నడుం బిగుతుగా ఉంటుంది, వంగదు. ఒక చివర, మూడో నంబరు కార్బన్ మీద, ఆక్సిజన్, హైడ్రోజన్ జంట ఉంటుంది. నీళ్లంటే ఇష్టపడే భాగం అదొక్కటే. ఇంకో చివర, పదిహేడో కార్బన్ నుంచి, ఎనిమిది కార్బన్ల తోక వేలాడుతుంది. అది అటూ ఇటూ ఊగగలదు. నడుముకు రెండు ముఖాలు. ఒక ముఖం నున్నగా ఉంటుంది. రెండో ముఖం మీద పదో కార్బన్ దగ్గరొకటి, పదమూడో కార్బన్ దగ్గరొకటి మిథైల్ గుంపులు పైకి పొడుచుకు వస్తాయి. ఎడమ కుడి తేడా చూపగలిగే కార్బన్లు ఇందులో ఎనిమిది. ఆ ఎనిమిదింటినీ ఎలా పడితే అలా తిప్పుకోవచ్చంటే 256 రూపాలు సాధ్యం. ప్రకృతి చేసేది వాటిలో ఒక్కటే.

ఇంత చదునుగా, పొడవుగా ఉన్నా కొలెస్టరాల్ తనంతట తాను ద్రవస్ఫటికం కాదు. 148 డిగ్రీల దగ్గర కరిగి నేరుగా తేట ద్రవమైపోతుంది. మూడో కార్బన్ మీది ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు పక్క అణువుల జంటలతో హైడ్రోజన్ బంధాలు వేసుకుని స్ఫటికాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి. ఆ పట్టు వీడేంత వేడి ఎక్కేసరికి మిగతా క్రమం కూడా నిలబడదు. ఎస్టర్ చేసినప్పుడు రెండు మేళ్లు జరుగుతాయి. హైడ్రోజన్ బంధాలకు తావు పోతుంది. అణువు ఇంకాస్త పొడుగవుతుంది. అప్పుడు స్ఫటికం తక్కువ వేడికే సడలుతుంది కానీ, పొడుగు అణువులు ఒకే దిక్కుకు చూసే అలవాటు మానవు.

ఎంత పొడుగు ఆమ్లం తగిలిస్తామన్న దాన్నిబట్టి నడవడి మారుతుంది. రెండు కార్బన్ల అసిటేట్‌లో ద్రవస్ఫటిక దశ వేడిచేసేటప్పుడు కనబడదు, చల్లారుస్తున్నప్పుడు మాత్రమే కాసేపు వచ్చిపోతుంది. తొమ్మిది కార్బన్ల నోననోయేట్‌లో 80 డిగ్రీల ప్రాంతం నుంచి 92 దాకా చక్కగా నిలుస్తుంది. పద్నాలుగు కార్బన్ల మిరిస్టేట్‌లో మూడు మెట్లున్నాయి. 71 డిగ్రీల దగ్గర స్ఫటికం సడలి, అణువులు పొరలు పొరలుగా పేర్చుకున్న ద్రవం అవుతుంది. దాన్ని స్మెక్టిక్ అంటారు. 80కి కాస్త అటూ ఇటూగా ఆ పొరలు చెదిరి, దిక్కు మాత్రం మిగులుతుంది. 85 దాటాక ఆ దిక్కూ పోయి మామూలు ద్రవమే. పొడవైన గొలుసులు పక్కపక్కన ఒద్దికగా సర్దుకోవడానికి ఇష్టపడతాయి కాబట్టే పొడుగు ఆమ్లాల్లో పొరల దశ వస్తుంది. ఇక్కడ ఒక కొలత గుర్తుపెట్టుకోదగ్గది. మొదటి మెట్టుకు కావలసిన వేడిలో తరవాతి మెట్లు ఒక్కోదానికి కావలసింది వంద పాళ్లలో రెండు మూడు పాళ్లే. అంటే స్ఫటికంలో ఉన్న బిగువంతా మొదటి మెట్టులోనే ఖర్చయిపోతోంది. ఆ తరవాత మిగిలే క్రమం చాలా సున్నితమైనది. అంత సున్నితంగా ఉంటుంది కాబట్టే అణువులో చిన్న మార్పు కూడా దాన్ని అటో ఇటో తోసేస్తుంది.

ఇలా ఒక్కో కార్బన్ పెంచుకుంటూ పోయి చూసే పద్ధతికి తెలుగునాట మంచి సంప్రదాయం ఉంది. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో వి.జి.కె.ఎం. పిసిపాటి, ఎన్.వి.ఎస్. రావు, వారి విద్యార్థులు 1980ల నుంచి ద్రవస్ఫటికాల సాంద్రతలు కొలిచారు. వారు ఎక్కువగా పనిచేసింది స్టెరాల్స్ మీద కాదు, రెండు బెంజీన్ వలయాల మధ్య చిన్న వంతెన, రెండు కొసలా రెండు గొలుసులు ఉన్న అణువుల కుటుంబం మీద. ఒక గొలుసులో ఒక కార్బన్ పెంచితే పొరల దశ ఎక్కడ మొదలవుతుంది, ఏ మెట్టు దగ్గర సాంద్రత ఎంత దూకుతుంది అని ఓపికగా పట్టికలు కట్టారు. వేడిమిలో పదోవంతు డిగ్రీ కూడా చెయ్యి జారకుండా చూసుకోవలసిన పని అది. ఇలాంటి పనికి పేపర్లలో పతాక శీర్షికలు రావు. అణువు నిర్మాణానికీ నడవడికీ ఉన్న సంబంధం మాత్రం ఇలాంటి పట్టికల్లోంచే తెలిసింది.

మిరిస్టేట్‌లో 80, 85 డిగ్రీల మధ్య కనబడే దశకే కొలెస్టెరిక్ అని పేరు. 1922లో ఫ్రాన్సులో జార్జ్ ఫ్రీడెల్ పెట్టిన ఈ పేరు కొలెస్టరాల్ నుంచే వచ్చింది. స్టెరాల్ అణువులకు ఎడమ కుడి తేడా ఉంది కాబట్టి, అవి పక్క అణువుకు సరిగ్గా సమాంతరంగా పడుకోలేవు. ప్రతిసారీ రవ్వంత పక్కకు తిరుగుతాయి. ఒక దొంతరలో తమలపాకులు పేరుస్తూ, ఒక్కో ఆకు తొడిమను కింది ఆకు కన్నా కాస్త పక్కకు జరిపి పెట్టారనుకోండి. కొన్ని వందల ఆకులు పేర్చేసరికి తొడిమ ఒక చుట్టు తిరిగి మొదటి దిక్కుకు వస్తుంది. ఆ ఒక చుట్టుకు పట్టే ఎత్తు కంటికి కనబడే కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉంటే, ఆ రంగు వెనక్కి మెరుస్తుంది. అద్దకం లేకుండానే రంగు. రైనిట్జర్ చూసిన రంగుల మెరుపుల వెనుక ఉన్నది ఇలాంటి అమరికే.

చుట్టు ఏ చేతివైపు తిరుగుతుందన్నది కూడా అణువు చివర ఏముందో నిర్ణయిస్తుంది. కొలెస్టరాల్ కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు ఎడమవైపు తిరుగుతాయి. ఎస్టర్ స్థానంలో ఒక్క క్లోరిన్ పరమాణువు పెట్టి చేసిన కొలెస్టరైల్ క్లోరైడ్ కుడివైపు తిరుగుతుంది. క్లోరైడ్‌నూ మిరిస్టేట్‌నూ 1.75కి 1 చొప్పున కలిపితే, దాదాపు 42 డిగ్రీల దగ్గర ఎడమ, కుడి సరిపోయి చుట్టు మొత్తం విప్పుకుంటుంది. కొంచెం వేడి మారిస్తే మళ్లీ చుట్టుకుంటుంది. ఈ ప్రయోగం గురించి మొదట చదివినప్పటి సంతోషం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

పొరల దశ దగ్గరపడేకొద్దీ చుట్టు సడలుతుంది, ఎందుకంటే పొరలూ మెలికా ఒకచోట ఇమడవు. చుట్టు సడలితే ఎత్తు పెరుగుతుంది, ఎరుపు మెరుస్తుంది. వేడి పెరిగితే చుట్టు బిగుసుకుని ఆకుపచ్చ, నీలం వస్తాయి. వెస్టింగ్‌హౌస్ కంపెనీలో జేమ్స్ ఫెర్గసన్ 1963లో ఈ గుణం మీదే పేటెంటు పొందాడు. పిల్లల నుదుటి మీద అంటించి జ్వరం చూసే రంగుల పట్టీలు ఈ దారిలో వచ్చినవే. మిశ్రమం పాళ్లు మారిస్తే రంగులు పలికే వేడిమి మారుతుంది. కొలెస్టరైల్ ఓలియైల్ కార్బొనేట్ 65 పాళ్లు, నోననోయేట్ 25, బెంజోయేట్ 10 కలిపితే 17 నుంచి 23 డిగ్రీల మధ్య రంగులు మారుతుంది. 30, 60, 10 పాళ్లలో కలిపితే 37 నుంచి 40 మధ్య. మొదటి మిశ్రమంతో చేసిన పట్టీని సికింద్రాబాద్‌లో జనవరి పొద్దున వరండాలో పెడితే ఎండ ఎక్కేకొద్దీ ఎరుపు నుంచి నీలానికి నడుస్తుంది. మే నెలలో అదే పట్టీకి రంగే పలకదు. అప్పుడు రెండోది కావాలి. ఓలియైల్ గొలుసులో ఒక వంకర ఉంది. ఆ వంకర అణువులను దగ్గరగా సర్దుకోనివ్వదు. దాని పాలు ఎక్కువైతే మెట్లన్నీ కిందికి దిగుతాయి.

ఇంతవరకూ మనం మార్చింది చివరలే. నడుమునే ముట్టుకుంటే ఏమవుతుంది?

బోయిన్‌పల్లి మార్కెట్‌కు మళ్లీ ఒకసారి వెళ్లాలి. అక్కడ మిగిలిపోయిన, కుళ్లిపోయిన కూరగాయలను వాడుకునే బయోగ్యాస్ ప్లాంటు ఉంది. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ సాంకేతికతతో కట్టినది. 2021 జనవరి 31న ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో దాని గురించి చెప్పాక దేశమంతా తెలిసింది. రోజుకు 10 టన్నుల వ్యర్థం నుంచి 500 యూనిట్ల దాకా కరెంటు వస్తుందన్నది దాని లెక్క. గాలి తగలని తొట్టిలో బ్యాక్టీరియా చేసే పని అది. గాలి తగలని చోట బతికే బ్యాక్టీరియా మన పేగుల్లోనూ ఉన్నాయి. వాటిలో కొన్ని కొలెస్టరాల్‌కు రెండు హైడ్రోజన్లు జోడించి, ఐదో, ఆరో కార్బన్ల మధ్య ఉన్న ద్విబంధాన్ని తీసేస్తాయి. అలా వచ్చేది కొప్రొస్టనాల్. మన శరీరం కూడా కొలెస్టరాల్ నుంచి కొద్దిగా ఇలాంటిదే తయారుచేస్తుంది, దాని పేరు కొలెస్టనాల్. రెంటిలోనూ 27 కార్బన్లు, 48 హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. ఒకే బరువు, ఒకే బంధాలు. తేడా అల్లా ఐదో కార్బన్ మీది హైడ్రోజన్ కింది ముఖం వైపు ఉందా, పై ముఖం వైపు ఉందా అన్నదే.

కొలెస్టనాల్‌లో అది కిందికి ఉంటుంది. నాలుగు వలయాలూ చదునుగా సాగుతాయి. దాని ఎస్టర్లు చక్కటి ద్రవస్ఫటికాలు. కొప్రొస్టనాల్‌లో అది పైకి ఉంటుంది. దాంతో మొదటి వలయం మిగతా మూడింటికి దాదాపు అడ్డంగా మడత పడుతుంది. అణువు మూల తిరిగిపోయింది. పక్కపక్కన పడుకుందామంటే మోచేయి అడ్డం. దాని ఎస్టర్లలో ద్రవస్ఫటిక దశ ఊసే లేదు, కరిగితే నేరుగా ద్రవం. ఫార్ములా చూసి ఎవరూ ఊహించలేని ఈ తేడాను ఒక్క హైడ్రోజన్ దిక్కు తెచ్చిపెట్టింది. మూడో కార్బన్ దగ్గర కూడా ఇదే తంతు. అక్కడి ఆక్సిజన్‌ను తలకిందులు చేస్తే ఎపికొలెస్టరాల్ వస్తుంది. దాని మీద తగిలించిన ఎస్టర్ గొలుసు అణువు పొడవునా సాగకుండా పక్కకు పొడుచుకొస్తుంది. అదీ వరసలో ఇమడదు.

ఇదంతా గాజుపలకల మధ్య జరిగే ముచ్చట మాత్రమే అయితే నేనింత రాయనక్కర్లేదు. రక్తంలో కొలెస్టరాల్‌ను మోసుకు తిరిగే ఎల్‌డీఎల్ రేణువు 22 నానోమీటర్ల ఉండ. దాని గర్భంలో దాదాపు 1500 కొలెస్టరాల్ ఎస్టర్ అణువులుంటాయి, ఎక్కువగా లినోలియేట్, ఓలియేట్. అవి తక్కువ వేడిమిలో పొరలుగా సర్దుకుని, ఒంటి వేడికి కాస్త అటూ ఇటూగా సడలి ద్రవమవుతాయి. ఎంత వేడికి సడలుతాయన్నది ఆ గొలుసుల్లోని వంకరల మీదా, వాటి మధ్య చేరిన ట్రైగ్లిసరైడ్ పాలు మీదా ఆధారపడుతుంది. రక్తనాళాల గోడల్లో పేరుకున్న కొవ్వు మచ్చల్లోని బిందువులను ధ్రువిత కాంతిలో చూస్తే లేమాన్ చూసిన మెరుపులే కనబడతాయని డోనాల్డ్ స్మాల్, గ్రాహమ్ షిప్లీ 1970లలో వివరించారు.

కణపు పొర సంగతి ఇంకా లోతైనది. ఆ పొర కూడా ద్రవస్ఫటికమే. కొవ్వు అణువులు రెండు వరసలుగా నిలబడి, నిలువునా క్రమం పాటిస్తూ, అడ్డంగా పారుతుంటాయి. కొలెస్టరాల్ వాటి మధ్య దూరి, నున్నటి ముఖాన్ని పొరుగు గొలుసులకు ఆనించి వాటిని నిటారుగా నిలబెడుతుంది. కొలెస్టరాల్ తయారయ్యే దారిలో ముందు వచ్చే లానోస్టెరాల్‌కు ఆ నున్నటి ముఖం మీద కూడా మిథైల్ గుంపులుంటాయి. అది అంత బాగా ఆనదు. కణం ఒక్కో మిథైల్‌నూ ఊడబెరికి ఆ ముఖాన్ని నున్నగా చేసుకుంటుంది.

ఆ దారిలో చివరి మెట్టు ముందు ఉండేది 7-డీహైడ్రోకొలెస్టరాల్. ఎండ తగిలితే మన చర్మంలో డి విటమిన్‌గా మారేది ఇదే. కొలెస్టరాల్‌కూ దీనికీ తేడా ఒక్క ద్విబంధం. ఆ చివరి మెట్టు ఎంజైము పుట్టుకతో పనిచేయని పిల్లలకు స్మిత్-లెమ్లీ-ఓపిట్జ్ జబ్బు వస్తుంది. కాలివేళ్లు అతుక్కుని ఉండవచ్చు, మెదడు ఎదుగుదల కుంటుపడుతుంది. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో అమితాభ చటోపాధ్యాయ బృందం ఈ ఒక్క ద్విబంధం మెదడు కణపు పొరలో ఏం చేస్తుందో చూసింది. పశువుల మెదడులోని హిప్పోక్యాంపస్ భాగం నుంచి పొరలు తీసి, వాటిలోని కొలెస్టరాల్ తగ్గించారు. ఆ పొరల్లో ఉండి సెరోటోనిన్ సందేశాన్ని అందుకునే ప్రొటీను, అంటే సెరోటోనిన్ 1ఎ గ్రాహకం, ఆ సందేశాన్ని పట్టుకునే శక్తి పడిపోయింది. కొలెస్టరాల్ తిరిగి పోస్తే కోలుకుంది. దాని బదులు 7-డీహైడ్రోకొలెస్టరాల్ పోస్తే, పొర మొత్తం బిగువు బాగానే తిరిగొచ్చినా, గ్రాహకం కోలుకోలేదు.

2014లో అదే బృందం ఇంకో అడుగు వేసింది. ఈసారి రెండు రూపాలు పరీక్షకు పెట్టారు. ఒకటి, ఎనిమిది కార్బన్లనూ తిప్పేసిన, కొలెస్టరాల్‌కు అచ్చమైన అద్దపు ప్రతిబింబం. ప్రకృతిలో ఎక్కడా లేనిది, ప్రయోగశాలలో కట్టినది. రెండోది, మూడో కార్బన్ ఒక్కటే తిప్పిన ఎపికొలెస్టరాల్. ప్రతిబింబం ఉన్నప్పుడు గ్రాహకం మామూలుగా పనిచేసింది. ఎపికొలెస్టరాల్‌తో పనిచేయలేదు. ఎనిమిదీ తిరిగితే ఆకారం కొలతలు అవే, చేయి మాత్రమే మారింది. ఒక్కటి తిరిగితే నీటి వైపు చూసే జంట పక్కకు ఒరిగింది. గ్రాహకం చేతివాటాన్ని లెక్కచేయలేదు, ఒరిగిన దాన్ని ఒప్పుకోలేదు. స్మిత్-లెమ్లీ-ఓపిట్జ్ పిల్లల మెదడులో ఏ గ్రాహకాలు ఇలా దెబ్బతింటాయి, బయటినుంచి ఇచ్చే కొలెస్టరాల్ రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుగోడను దాటలేనప్పుడు వాటిని ఎలా ఆదుకోవాలి అన్నది ఇప్పుడు ఈ రంగంలో ఉన్నవాళ్ల ముందున్న పని.